తొక్కుత గని దిగరాదు

నర్మద సైకిల్ మీది నుంచి మొదటిసారి పడినప్పుడు కింద వాళ్ళమ్మ సత్తమ్మ ఉంది. వడ్లు కొట్టి ఎత్తుకుపోయిన కల్లం అది. నేల గట్టిగా, చదునుగా ఉందని అక్కడికి తెచ్చుకున్నారు. తల్లి సీటు పట్టుకుని వెనక పరుగెత్తుతుంటే, కూతురు ముందుకు పోవడం మాని పక్కకు ఒరిగింది. సైకిల్, కూతురు, తల్లి ఒకే కుప్పగా పడ్డారు. సత్తమ్మ మోచేతి దుమ్ము దులుపుకుని లేచింది.

"మల్ల ఎక్కు. కింద చూడకు, ముంగట చూడు," అంది.

అది 1958. సుల్తానాబాద్‌లో ఆడమనిషి సైకిల్ ఎక్కడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. పొలాలకు పోయేవాళ్ళు గట్ల మీద ఆగి మరీ చూశారు. నర్మద చీరను మోకాళ్ళ మధ్య నుంచి తీసి వెనక గట్టిగా దోపుకుంది. సైకిల్ మేనమామ హనుమంతుది. మగవాళ్ళ సైకిల్ కాబట్టి మధ్యలో ఇనుప కడ్డీ అడ్డం. ఆ కడ్డీ మీదుగా కాలు తిప్పి ఎక్కాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఎక్కాక మాత్రం, కాళ్ళు తిరగడం మొదలయ్యాక, ఆమెకు ఒళ్ళంతా ఏదో అయ్యేది. గాలి చెవుల పక్కన మాట్లాడుతున్నట్టు ఉండేది. ఇరవై ఒక్క ఏళ్ళ మనిషి చిన్నపిల్లలా కేకలు పెట్టేది.

ఇదంతా హనుమంతు తెచ్చిన కబురు వల్ల. ఆయన తాలూకా కచేరీలో అటెండరు. దొరలు కుర్చీలో కూర్చునే తీరును బట్టే వాళ్ళకు ఏం కావాలో చెప్పగలనని ఆయన నమ్మకం. ఒకరోజు కచేరీ నుంచి నేరుగా అక్క ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"అక్కా, సర్కారు ఆడోళ్ళకు నౌకరీలు తీసింది. గ్రామసేవికలంట. ఊర్లు తిరిగి ఆడోళ్ళకు పిల్లల పెంపకం, కుట్లు, కూరగాయల సాగు చెప్పాలె. ఎనిమిది పాసైతె చాలు. మన నర్మద పాసాయె గద."

మగ్గం గుంటలో కూర్చున్న సాంబయ్య చేయి ఆగింది. ఆయన నర్మద తండ్రి. తక్కువ మాట్లాడే మనిషి.

"దూరం పంపుతరా?" అన్నాడు.

"ఎక్కడికి పంపితె ఏంది బావా. ముందుగాల రానీ. సైకిల్ వచ్చినోళ్ళనైతె ఎగబడి తీసుకుంటరంట."

నర్మద చదువు సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. పద్నాలుగేళ్ళకు ఆమెకు అంతయ్యతో పెళ్ళి చేశారు. పెళ్ళయిన రెండేళ్ళకు అంతయ్య మిల్లు పనికని షోలాపూర్ పోయాడు. ఆర్నెల్లకోసారి వస్తానన్నవాడు రాలేదు. సాంబయ్య రైలెక్కి పోయి చూసి వచ్చాడు. అక్కడ అంతయ్యకు ఇంకో ఇల్లు ఉంది, ఆ ఇంట్లో ఒకామె ఉంది, ఊయలలో బిడ్డ ఉంది. సాంబయ్య తిరిగి వచ్చి ఆ సంగతి కూతురికి ఒకే ఒక్క మాటలో చెప్పి మగ్గం మీద కూర్చున్నాడు. నర్మద కొన్నాళ్ళు ఏడ్చింది. తర్వాత కండెలు చుడుతూనే పక్క వీధి పంతులు దగ్గర పాఠాలు చెప్పించుకుంది. తనకన్నా ఎంతో చిన్నవాళ్ళతో కలిసి ప్రైవేటుగా పరీక్ష రాసి ఎనిమిదో తరగతి పాసైంది. పాసై ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియలేదు. అందుకే హనుమంతు మాట విన్నప్పుడు ఆమె చేతిలోని కండె కింద పడి దారమంతా ఇంట్లో దొర్లింది.

దరఖాస్తు పెట్టారు. కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు రెంటికీ కలిపి కరీంనగర్‌లో ఇంటర్వ్యూ అని పిలుపు వచ్చింది. కల్లంలో సైకిల్ ఇంకా జోరందుకుంది. ఇంటర్వ్యూ దగ్గరపడేసరికి నర్మద తల్లి చేయి లేకుండా కల్లం చుట్టూ ఎన్ని చుట్లైనా తిరగగలిగేది. ఒక్కటే లోటు. ఆపడం రాలేదు. వేగం తగ్గగానే కాలు ఎటు దించాలో తెలియక సైకిల్‌తో పాటే నేలకు వచ్చేది. లేదంటే కల్లం పక్కనున్న గడ్డివాములోకి పోనిచ్చేది.

ఇంటర్వ్యూకు ముందు రోజు సాయంత్రం హనుమంతు వచ్చి నర్మదను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఇను కోడలా. లోపల ముగ్గురుంటరు. ఏమడిగినా 'అయితది సార్' అనాలె. సైకిల్ వస్తదా అంటె వస్తది. అడవిల ఉంటవా అంటె సంబురంగ ఉంట. తెల్వదు, రాదు అనే మాట నోట్లకెళ్ళి రావద్దు. నేను గీ నౌకరీల గట్లనే చేరిన. ఉర్దూ రాసుడు వస్తదన్న. అప్పటికి మొదటి అక్షరం అలీఫు గూడ రాదు. తర్వాత నేర్చుకోలేదా?"

"అయితది మామా," అంది నర్మద. ఆమెకు అందులో తప్పేమీ కనిపించలేదు.

హనుమంతు గొంతు తగ్గించాడు.

"ఇంకొకటి. ఆఫీసుల అనుకుంటుంటె విన్న. మగడు పోయిన ఆడోళ్ళకు ముందుగాల ఇయ్యమని పైనుంచి చెప్పిండ్రంట. అంతయ్య చచ్చిండని చెప్పు."

సత్తమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది.

"బతికున్నోన్ని చంపమంటవా తమ్మీ?"

"నీకు వాడు బతికున్నట్టే అనిపిస్తుందా అక్కా? ఇంటిమొకం చూసి ఎన్నేండ్లాయె? షోలాపూర్‌కు పోయి ఎవడు ఎంక్వైరీ చేస్తడు? పోరి బతుకు నిలబడ్తది. వాడు పిల్లకు చేసిన అన్యాయం ముంగట గీ ఒక్క మాట ఎంత?"

సత్తమ్మ పొయ్యి వైపు తిరిగి కట్టె ఎగదోసింది. సాంబయ్య, "నీ ఇష్టం బిడ్డా. నీ నోటికి ఏది వస్తె అది చెప్పు," అని లేచిపోయాడు. నర్మద ఆలోచించింది. అంతయ్య మీద ఆమెకు ప్రేమా లేదు, జాలీ లేదు. మామ చెప్పింది సబబుగానే తోచింది. పొద్దున బస్సులో కరీంనగర్ చేరాక, బస్టాండు మూలన కొంగు తడిపి నొసట బొట్టు తుడుచుకుంది. గాజులు తీసి మామ జేబులో వేసింది. అద్దం లేదు కాబట్టి తను ఎలా ఉందో ఆమెకు కనిపించలేదు. హనుమంతు మాత్రం ఒకసారి చూసి ముఖం తిప్పుకున్నాడు.

పాత బంగళా ఒకదాన్ని కొత్తగా ఆఫీసు చేశారు. వరండాలో ఆడవాళ్ళు వరుసగా కూర్చుని ఉన్నారు. కొందరు పుస్తకాలు చూసి గొణుక్కుంటున్నారు. నర్మదకు చోటు దొరికింది ఒక ఎత్తైన మనిషి పక్కన. ఆమె పేరు బాలవ్వ. లక్సెట్టిపేట దగ్గరి ఊరట. గోదావరి దాటి, బస్సులు మారి వచ్చిందట. ఆమె నొసలు కూడా బోసిగా ఉంది. నర్మదను చూడగానే జరిగి చోటిచ్చి, జొన్నరొట్టె మూట విప్పి, ఉల్లికారం పెట్టిన ముక్క చేతిలో పెట్టింది.

"తిను చెల్లె. లోపలికి పోతె ఎప్పుడొస్తమో." కాసేపాగి, "గింత చిన్న వయసుల... మీ ఆయన ఎన్నడు పోయిండు?" అని అడిగింది.

నర్మద నోట్లో రొట్టె ఉంది. మింగి చెప్పింది.

"రెండేండ్లాయె."

"ఏమైండె?"

"జరం."

"ఇంట్లనేనా?"

"షోలాపూర్‌ల. పనికి పోయిండె."

"అయ్యో. ఆఖరుకు మొకమన్న చూసినవా?"

"లే," అంది నర్మద. ఆ మాట మాత్రం నిజమే.

బాలవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా ఆయన గోదాట్ల పోయిండు. నావ బోల్తపడ్డది. మూడో నాడు దొరికిండు. ఉబ్బిపోయిండె. అయినా నాకు మొకం చూసే నసీబన్న దొరికె. నీకు గదన్న లేకపాయె చెల్లె," అని నర్మద చేయి తన ఒడిలోకి తీసుకుని, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నర్మదకు ఆ చేయి వెనక్కి తీసుకోవాలని ఉంది. తీసుకోలేకపోయింది. లోపలి నుంచి తన పేరు పిలిచినప్పుడు బాలవ్వే ఆమె కొంగు సవరించి, "భయపడకు, పో," అని పంపింది.

లోపల నిజంగానే ముగ్గురున్నారు. మధ్యలో లావుపాటి అధ్యక్షుడు, ఒక పక్క రాసుకునే గుమాస్తా, ఇంకో పక్క కళ్ళద్దాల ఆఫీసరమ్మ. ఆమె కృష్ణ ఒడ్డు నుంచి బదిలీ మీద వచ్చింది. మాట వేరుగా ఉండేది. పేరు, ఊరు, చదువు అడిగారు. నర్మద గబగబా చెప్పింది.

"పెండ్లయిందా?" అన్నాడు అధ్యక్షుడు.

"అయింది సార్."

"మీ ఆయన?"

చెప్పాల్సింది రెండే రెండు మాటలు. పొద్దున బస్సులో ఎన్నోసార్లు లోలోపల అనుకున్నవే. నర్మదకు ఆ క్షణంలో అంతయ్య ముఖం గుర్తుకు రాలేదు. ఎన్నడూ చూడని బాలవ్వ భర్త గుర్తుకు వచ్చాడు, నీళ్ళలో.

"ఉన్నడు సార్."

గుమాస్తా కలం ఆగింది. ముగ్గురూ ఆమె నొసటి వైపు చూశారు.

"ఉన్నడా? ఎక్కడ?"

"షోలాపూర్‌ల. ఇంకొకామెతోని ఉన్నడు. నన్ను తోలుకపోలే. నేను పోలే."

"మరి బొట్టేదమ్మా?" అంది ఆఫీసరమ్మ.

"బస్టాండ్ల తుడుసుకున్న. మగడు పోయినోళ్ళకు ముందుగాల ఇస్తరని చెప్పిండ్రు."

"ఎవరు చెప్పారు?"

"చెప్పినాయన నా మంచి కోసం చెప్పిండు. పేరు నేను చెప్ప."

అధ్యక్షుడు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయనకు కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో నర్మద పోల్చుకోలేకపోయింది.

"అబద్ధం చెప్పుటానికి తయారై వచ్చి, లోపలికొచ్చి నిజం ఎందుకు చెప్పినవ్?"

"బయట ఒకామెకు చెప్పిన సార్, చచ్చిపోయిండని. ఆమె నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. మల్లొకసారి చెప్పనీకె నోరు రాలే."

 అధ్యక్షుడు ముందుకు వంగాడు.

"చూడు. ట్రైనింగు మీద సర్కారు పైసలు పెడ్తది. రేపు నీ మగడొచ్చి రమ్మంటె సంచి సర్దుకొని పోతవు. అప్పుడు మేమేం చెయ్యాలె?"

"పోను సార్."

"అందరు గట్లనే అంటరు."

"అంటరు కావచ్చు. ఇప్పుడైతె పోవద్దనే ఉన్నది. రేపటి సంగతి ఇప్పుడెట్ల చెప్త?"

ఆయన పెదవి విరిచాడు. గుమాస్తా ఏదో రాశాడు. అడవి ఊళ్ళకు పంపితే పోతావా అని అడిగితే, "భయమే సార్. నేనెన్నడు అడవి చూడలే. పంపితె మాత్రం పోత," అంది. మామ నేర్పిన జవాబులు ఒక్కొక్కటే చేజారిపోతున్నాయని ఆమెకు తెలుస్తూనే ఉంది. అయితే విచిత్రం, లోపలికి వచ్చినప్పుడు ఉన్న వణుకు ఇప్పుడు లేదు.

"సైకిల్ తొక్కడం వచ్చా?" అని ఆఫీసరమ్మ అడిగింది.

"ఎవలన్న ఎక్కిస్తె తొక్కుత గని దిగరాదు."

"దిగడం రాకపోతే ఎలా ఆగుతావమ్మా?"

"గడ్డివాము దొరికితె దాంట్లకు పోనిస్త. దొరకకుంటె పడుత."

ఆఫీసరమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగాయి. తర్వాత అధ్యక్షుడి వైపు తిరిగి, "పొద్దుటి నుంచి అందరూ వచ్చనే అన్నారండీ. ఒకసారి చూద్దామా?" అంది.

ఆ మాటతో బంగళా అంతా కదిలింది. జవాను ఒక సైకిల్ తెచ్చి ఆవరణ మధ్యలో నిలబెట్టాడు. వరండాలోని ఆడవాళ్ళు మెట్లు దిగారు. లోపల 'వచ్చు' అన్నవాళ్ళలో ఒకామె చక్కగా తొక్కి, చక్కగా దిగింది. ఇంకొకామె కాలు బెణికిందంది. మరొకామె హ్యాండిలు పట్టుకుని, చాలాసేపు దాన్నే చూసి, ఏడుపు ముఖం పెట్టింది. తర్వాత నర్మద వంతు వచ్చింది. ఆమె చీర దోపుకుని జవానుతో, "జర పట్టుకో అన్నా, ఎక్కినంక నూకు," అంది. జవాను నూకాడు. కొంచెం గట్టిగానే నూకాడు.

సైకిల్ బాణంలా పోయింది. ఆవరణ కల్లం కంటే పెద్దది, నేల నున్నగా ఉంది. మొదటి చుట్టు తిరిగేసరికి నర్మదకు ఇంటర్వ్యూ, బొట్టు, షోలాపూర్ అన్నీ ఎగిరిపోయాయి. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. రెండో చుట్టులో అధ్యక్షుడు కిళ్ళీ నములుతూ మెట్లు దిగి ఎదురు వచ్చాడు.

"జరుగుండ్రి సార్, జరుగుండ్రి," అని నర్మద అరిచింది.

ఆయన అంత లావు మనిషి అంత చురుగ్గా మెట్టెక్కడం ఆఫీసులో ఎవరూ చూడలేదు. మూడో చుట్టు. జీపు పక్క నుంచి పోయింది. నాలుగో చుట్టు. ఇప్పుడు ఆపాలి. గడ్డివాము లేదు. గోడ వైపు పోనిద్దామంటే అక్కడ ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళు ఎటు జరిగితే ఆమె అటే వస్తోంది. నవ్వులు, కేకలు. నర్మద కూడా నవ్వుతూనే అరుస్తోంది, "ఎవలన్న పట్టుకోండ్రి."

అందరికంటే ముందు కదిలింది బాలవ్వ. పొడుగు కాళ్ళతో పరుగెత్తుకుంటూ వచ్చి వెనక క్యారేజీ రెండు చేతులా పట్టుకుని కాళ్ళు నేలకు తన్ని ఆనించింది. సైకిల్ గింజుకుని, పక్కకు తిరిగి, ఇద్దరినీ గోరింట కంచెలో పడేసింది. చేతులు గీరుకుపోయాయి. బాలవ్వ విపరీతంగా నవ్వుతోంది. బహుశా చాలా నెలల తర్వాత నవ్వుతోంది.

నర్మద ఆ నవ్వు ముఖంలోకి చూసి, ఇక ఒక్క క్షణం కూడా ఓర్చుకోలేకపోయింది.

"అక్కా, మా ఆయన చచ్చిపోలే. షోలాపూర్‌ల ఉన్నడు. నేను అబద్ధం చెప్పిన. లోపల నిజమే చెప్పిన. నీకు గూడ చెప్పాలె గద."

బాలవ్వ నవ్వు అలాగే ఆగిపోయింది.

"బతికే ఉన్నడా?"

"ఉన్నడు."

"నేను నా పెనిమిటిని తలుసుకొని నీ కోసం ఏడిస్తి గదనే," అంది మెల్లగా. చేతికి గుచ్చుకున్న ముల్లు పీక్కుంది, లేచింది, రొట్టె మూట తీసుకుని వరండా అవతలి చివరకు పోయి కూర్చుంది. సాయంత్రం దాకా ఇటు తిరగలేదు.

తిరుగు బస్సులో హనుమంతు సంగతంతా విని మొదట నమ్మలేదు. తర్వాత తల పట్టుకున్నాడు. "నోటికాడి బువ్వ నువ్వే కాలితోని తన్నుకున్నవు," అన్నాడు.  సుల్తానాబాద్‌లో దిగాక గాజులు జేబులోంచి తీసి తిరిగి ఇచ్చాడు.

ఆయన అన్నట్టే అయింది. ఎంపికైన పేర్లలో నర్మద పేరు లేదు. భర్త ఉన్న మనిషిని తీసుకుంటే ఎప్పటికైనా చిక్కేనని అధ్యక్షుడు గట్టిగా అన్నాడట. నర్మద తిరిగి కండెలు చుట్టడంలో పడింది. నిజం చెప్పినందుకు గొప్పగా ఏమీ అనిపించలేదు. నోరు జారిందేమో అని కొన్ని రోజులు తనను తానే తిట్టుకుంది కూడా. ఊళ్ళో కొందరు ఇంటికి వచ్చి మరీ అడిగి వెళ్ళారు. సత్తమ్మ వాళ్ళందరికీ ఒకటే చెప్పేది, "రాలే. ఏమాయె ఇప్పుడు?"

తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం హనుమంతు వానలో తడుస్తూ వచ్చాడు. సైకిల్ గుమ్మంలోనే పడేశాడు.

"వచ్చింది కోడలా, వచ్చింది. ఆర్డరు వచ్చింది."

అడవి ప్రాంతానికి వేసిన ముగ్గురు, ఇంటర్వ్యూలో సంబురంగా పోతామన్నవాళ్ళే, తీరా ఆర్డర్లు అందాక మేం పోమని వెనక్కి తగ్గారు. ఒకామెకు తండ్రి ఒప్పుకోలేదు. ఇంకొకామెకు జబ్బు చేసింది. ఖాళీ నింపాల్సి వచ్చి మిగిలిన పేర్లు తీశారు. నర్మదకు శిక్షణ తర్వాత ఆదిలాబాదు జిల్లా జైనూర్ అని రాసి ఉంది. సాంబయ్య మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, ఆ కాగితం చదవడం రాకపోయినా చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. హనుమంతు వీధిలోకి పోయి, ఈ పిల్లకు ఇంటర్వ్యూ నేర్పింది తానేనని కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పాడు. నర్మద కాదనలేదు. ఆమె అప్పటికే పెట్టె సర్దుతోంది. సర్దడానికి ఏమంత లేకపోయినా మూడుసార్లు విప్పి మళ్ళీ సర్దింది.

శిక్షణ కేంద్రం హైదరాబాదు పక్కన. పొడుగాటి గదిలో మంచాలు. నర్మద లోపలికి పోగానే చూసింది ఎవరినంటే, కిటికీ పక్క మంచం మీద బట్టలు మడతపెడుతున్న బాలవ్వను. లక్సెట్టిపేటకే ఆమెను తీసుకున్నారు. బాలవ్వ చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. వంటగదిలో, పాఠాలప్పుడు, కూరగాయల మడుల దగ్గర ఇద్దరూ పక్కపక్కనే ఉండాల్సి వచ్చినా మాట కలవలేదు. నర్మద రెండుసార్లు కదిలించి చూసింది. లాభం లేకపోయింది. మూడోసారి వెళ్ళే ధైర్యం చేయలేదు.

చివరికి మాట కలిపింది సైకిలే. కేంద్రంలో అందరూ నేర్చుకోవాలన్నారు. నర్మద అప్పటికి దిగడం కూడా నేర్చుకుని మిగతావాళ్ళకు నేర్పుతోంది. బాలవ్వకు మాత్రం సైకిలంటే గుండెదడ. ఎవరూ లేని ఒక పొద్దున ఆమె వచ్చి, నేల చూపులు చూస్తూ నిలబడింది.

"నాకు నేర్పు. ఎనుక నువ్వే పట్టుకో. ఒక్కటి చెప్తున్న ఇను. ఇడిసిపెట్టి పట్టుకున్న అని మాత్రం అనకు."

నర్మద తల ఊపింది. సీటు పట్టుకుని వెనక పరుగెత్తింది. కొంత దూరం పోయాక సైకిల్ దానంతట అదే నిలబడిందని చేతికి తెలిసింది. ఇలాంటప్పుడు నేర్పేవాళ్ళందరూ చేసే పని ఒకటే. చప్పుడు చేయకుండా వదిలి, పట్టుకున్నా పట్టుకున్నా అంటూ ఉంటారు. కల్లంలో సత్తమ్మ కూడా అదే చేసింది. నర్మద చేయి తీసి, ఊపిరి పీల్చుకుని గట్టిగా చెప్పింది.

"ఇడిసిపెట్టిన బాలవ్వక్కా."

బాలవ్వ కెవ్వుమంది. హ్యాండిలు అటూ ఇటూ ఊగింది. పడుతుందనుకుంటే పడలేదు. భయానికి ఇంకా జోరుగా తొక్కింది. నర్మదను, సైకిల్‌ను, సర్కారును నోటికొచ్చినట్టు తిడుతూ తోట చివరిదాకా పోయింది. అక్కడ ఎలాగో కాలు ఆనించి ఆగి, వెనక్కి తిరిగి చూసింది. మధ్యలో ఎంత దూరం ఉందో చూసుకుంది.

"గింత దూరం నేనొక్కదాన్నే వచ్చిన్నా?"

"నువ్వే వచ్చినవు."

ఆ రోజు అన్నం దగ్గర బాలవ్వ తన పక్కన చోటు ఉంచింది. కరీంనగర్ మాట ఎత్తలేదు. షోలాపూర్ ఆమె పేరేమిటో, ఆ బిడ్డ ఆడో మగో అడిగింది. నర్మద తనకు తెలిసినంత చెప్పింది. అలా ఎవరితోనూ చెప్పుకోలేదు అప్పటిదాకా.

శిక్షణ అయ్యే ముందు ఆఫీసరమ్మ కేంద్రం చూడడానికి వచ్చింది. నర్మదను గుర్తుపట్టి పిలిచింది. నర్మద ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగేసింది.

"మేడమ్, నిజం చెప్పిన అనేనా నాకు నౌకరీ ఇచ్చింది?"

"కాదు," అంది ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "జైనూరు ఎవరూ వెళ్ళనన్నారు. నువ్వు వెళ్తావేమో అనుకున్నాం. నిజం చెప్పినందుకు నీ పేరు కొట్టేశారు, అది కూడా చెప్పాలి నీకు. నేనప్పుడు గట్టిగా వాదించలేదు."

నర్మదకు ఆ జవాబు ఎందుకో చాలా నచ్చింది.

ఆసిఫాబాద్ దాకా రైలు, బస్సు. అక్కడి నుంచి ఎడ్లబండి. టేకు చెట్ల మధ్య బండి పోతుంటే నర్మద ఒక్కచోట కూర్చోలేక మోకాళ్ళ మీద లేచి చూసింది. అంత పెద్ద ఆకులు, అన్ని పక్షులు. సర్కారు ఇచ్చిన సైకిల్‌ను బండి వెనక తాళ్ళతో కట్టారు. ఏ చప్పుడైనా భయమే. అయినా ఆ భయంలో సంబరం ఎక్కువ పాలు. జైనూర్‌లో దిగాక మరుసటి పొద్దునే సైకిల్ మీద మొదటి గోండు గూడేనికి బయలుదేరింది. వాగులో దిగి సైకిల్ భుజాన వేసుకుని దాటింది.

గూడెంలో పిల్లలు సైకిల్ చుట్టూ మూగారు. ఆడవాళ్ళు దూరంగా నిలబడ్డారు. వాళ్ళ మాట ఆమెకు రాదు. పటేలు భార్య లచ్చుబాయికి అంగళ్ళకు పోయి వచ్చిన తెలుగు కొంత ఉంది. ఆమె నర్మదను అరుగు మీద కూర్చోబెట్టి, ఎదురుగా తానూ కూర్చుని, నిదానంగా పరీక్ష చేసింది.

"బాయి, మాకు ముందుగాల ఒకామె వచ్చింది. మీకోసమే ఉంట అన్నది. వానలు పడినంక పోయింది. నువ్వు గూడ పోతవా?"

చుట్టూ ఆడవాళ్ళందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. కరీంనగర్‌లో ముగ్గురే. ఇక్కడ ఊరంతా.

"తెల్వదు బాయి," అంది నర్మద. "నాకు అడవి కొత్త. మీ మాట రాదు. పాములంటె భయం. గీ వానకాలం ఉంట. ఆ తర్వాత సంగతి వానలు పోయినంక చెప్త."

లచ్చుబాయి ఆ జవాబును మిగతావాళ్ళకు తన మాటలో చెప్పింది. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. ఒక ముసలామె ఏదో అంటే అందరూ నవ్వారు. ఏమందని నర్మద అడిగింది.

"పాములకు గూడ నువ్వంటె భయమే అంటుంది," అంది లచ్చుబాయి.

ఆ వానాకాలం తేలిక కాలేదు. గది కప్పు కారింది, జ్వరం వచ్చింది, వాగు పొంగి రెండు వైపులా దారి లేకుండా పోయింది. పోదామని ఒకసారి కాదు, చాలాసార్లు అనుకుంది. జ్వరంలో ఉన్నప్పుడు గూడెం ఆడవాళ్ళు వాగు తీశాక అంబలి పట్టుకుని నడిచి వచ్చారు. లేచాక ఆమె వాళ్ళ మాటలో నీళ్ళు, బిడ్డ, ఆకలి, నొప్పి అనడం నేర్చుకుంది. వంకర పలుకుబడికి వాళ్ళు నవ్వితే తనూ నవ్వింది. గూడెంలో ఇద్దరు బాలింతలు ఆమె చెప్పినట్టు చేశారు. ఒకామె చేయలేదు. ఆ చేయనామెతో నర్మద రోజూ గొడవపడేది. మరునాడు మళ్ళీ పోయేది.

వానలు తగ్గిపోయాక, దీపావళికి గోండులు ఆడే దండారి ఆటకు డోళ్ళు సిద్ధం చేస్తున్న రోజుల్లో లచ్చుబాయి తానే జైనూర్ వచ్చింది. వెంట నలుగురు ఆడవాళ్ళు. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"వానలు పోయినయి బాయి. చెప్త అన్నవు గద?"

నర్మద చేతిలోని చీపురు పక్కన పెట్టింది.

"చాన సార్లు పోదామనుకున్న. మంచంల పడ్డప్పుడైతె ఖాయం పోదామనుకున్న. ఇప్పుడు పోబుద్ధి అయితలేదు. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు అడుగు."

లచ్చుబాయి వెనక్కి తిరిగి ఆ మాటలు చెప్పింది. ఆడవాళ్ళు తలలు ఊపారు. అలా ఏడాదికోసారి వచ్చి అడగడం అయిదేళ్ళు సాగింది. ప్రతిసారీ నర్మద ఆలోచించే జవాబు చెప్పింది. ఒక ఏడు చూసిపోదామని వచ్చిన బాలవ్వ కూడా అక్కడే ఉండి ఆ మాటలన్నీ విని, కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత వాళ్ళు అడగడం మానేశారు. 1968 నాటికి నర్మద వాళ్ళ మాటలో తగవులు తీర్చేది, పాటలకు వంత పాడేది. అంతయ్య ఎన్నడూ రాలేదు. ఆమె కూడా ఎదురుచూడలేదు. జైనూర్ బడికి పంతులుగా వచ్చిన భూమన్న తనను చేసుకుంటావా అని అడిగినప్పుడు ఆ సంగతంతా దాచకుండా చెప్పి, "ఆలోచించుకొని చెప్పు," అంది. ఆయన ఆలోచించుకోవడానికి తెల్లారేదాకా కూడా ఆగలేదు. సాంబయ్య కులపెద్దల దగ్గర పాత పెళ్ళి రద్దు చేయించాడు, ఆ ఎండాకాలమే పెళ్ళి. గూడెం గూడెమంతా డోళ్ళతో వాగు దాటి వచ్చింది.